మరగాళ్ల కంబన్న

పేర్లు పెట్టేవాళ్లు కాస్త ఓపిక పట్టి, బిడ్డ పెరిగేదాకా చూసి పెడితే ఎంత బాగుండును! కంబన్న అన్నాక కంబంలాగా నిట్టనిలువున ఉండాలి కదా. మనవాడు ఐదడుగులకు రెండంగుళాలు తక్కువ. గిడ్డమ్మ అన్నాక గిడ్డగా ఉండాలి కదా. ఆవిడ మొగుడికంటే జానెడు పొడవు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ ఆలూరు సంతకు పోతుంటే, "ఏమప్పా, పెండ్లిలో పేర్లు గానీ మార్చుకుంటిరా?" అని ఎవరో ఒకరు ఆటపట్టించేవాళ్లు. కంబన్న నవ్వి ఊరుకునేవాడు. గిడ్డమ్మ మాత్రం అన్నవాడి ఏడు తరాలనూ తవ్వి తలపోసి గానీ వదిలేది కాదు.

వాళ్ల ఊరు కరిగుడ్డం. కర్నూలు జిల్లా పడమటి కొసన, తెలుగూ కన్నడమూ కలగలిసిపోయిన చోట, ఆలూరు దాటి కంకరరోడ్డు మీద ఇంకో గంట పోతే వస్తుంది. రాకపోయినా నష్టం లేదని బస్సువాళ్ల అభిప్రాయం. అందుకే రోజుకు ఒక్కసారే పోతారు. కంబన్నకు అక్కడ మూడెకరాల ఎర్రనేల ఉంది. వాన పడితే శెనక్కాయలు, పడకపోతే రాళ్లు. వాన పడని ఏడు మొగుడూ పెండ్లాం మూటాముల్లె సర్దుకుని, ఊరందరితోపాటు గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపే సుగ్గికి పోయేవాళ్లు. పిల్లలు పుట్టలేదు. ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు కంబన్నను తలెత్తి చూసినవాళ్లు లేరు. తలెత్తే అవసరమూ లేదు, కాస్త దించితే కనబడేవాడు.

మిగిలిన ఆ ఒక్కరోజే వేరు. వైశాఖంలో సుంకులమ్మ జాతరనాడు కంబన్న మరగాళ్లు కట్టేవాడు. మరగాళ్లంటే మానుకాళ్లు. ఆత్మకూరు అడవి నుంచి తెప్పించిన లావుపాటి వెదురుబొంగులు రెండు, వాటికి మనిషెత్తున పాదం మోపేందుకు రెండు చెక్కలు. కంబన్న మిద్దె అంచున కూర్చుంటే, గిడ్డమ్మ కింద రోలెక్కి నిలబడి, పాదం మొదలు మోకాలిదాకా నూలుతాళ్లతో బిగించి కట్టేది. ఆ కట్టు కట్టడం ఇంటి ఆడదాని పని, మొగవాళ్లు తాకకూడదు. కట్టు పడ్డప్పటినుంచీ విప్పేదాకా కంబన్న పచ్చిమంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు.

ఇక లేచి నిలబడ్డాడంటే చూడండి! మిద్దెల మీద కూర్చున్నవాళ్ల కళ్లూ కంబన్న కళ్లూ ఒకే ఎత్తున ఉండేవి. ఆడవాళ్లు మిద్దె మీదినుంచే చెయ్యి చాపి అతని నొసట కుంకం పెట్టేవాళ్లు. జబ్బు పిల్లల్ని ఎత్తి చూపించి, "ఒగసారి ముట్టు కంబన్నా" అని బతిమాలేవాళ్లు. నిన్నటిదాకా "ఒరే గిడ్డోడా" అన్న ఆసాములు కిందినుంచి దండం పెట్టేవాళ్లు. ఆ ఒక్కరోజు కోసమే తాను పుట్టానని కంబన్న గట్టి నమ్మకం.

దానికొక్కటే షరతు. పడకూడదు. అమ్మ ముందరే కాదు, ఎక్కడైనా సరే, కట్టు కట్టాక ఒక్కసారి పడ్డాడంటే ఆ కట్టును విప్పరు, కత్తితో కోస్తారు. అందుకే కట్టే మనిషి నడుముకు చిన్న కత్తి ఉంటుంది. పడినవాడు మళ్లీ జన్మలో అమ్మ ముందర మరగాళ్లు ఎక్కకూడదు. దాచి ఎక్కితే అమ్మే వాణ్ని తన గడపలో పడదోస్తుందని, ఊరికి వాన లేకుండా పోతుందని తాతల కాలం నుంచీ చెప్పుకుంటారు. జాతరనాడు పూజారి ఆ సంగతి నడిచేవాణ్ని అడగడు, కట్టినామెను అడుగుతాడు. "కట్టినమ్మా, ఈ కాళ్లు యాడన్నా పడినాయా?" అంటాడు. "పడలేదు సామీ" అని ఆమె గట్టిగా చెప్పాకే డప్పు మీద దెబ్బ పడుతుంది. పాతికేళ్లుగా గిడ్డమ్మ ఆ మాట చెబుతూనే ఉంది, అది నిజమే అవుతూ ఉంది.

ఇంకొక్క సంగతి తెలియాలి. మరగాళ్ల మీద నడవడముంటుంది, ఎగరడముంటుంది, చిందెయ్యడం కూడా ఉంటుంది. నిలబడడం మాత్రం ఉండదు. ముందుకో వెనక్కో, ఎడమకో కుడికో అడుగు వేస్తూనే ఉండాలి. ఆగితే పడతాడు. జాతరలో నాలుగు గంటలసేపు కంబన్న ఒక్క క్షణమైనా ఆగింది లేదు. కుర్రతనంలో అదొక సరదా. యాభై దాటి, మోకాళ్లలో కీళ్లు కటకటమంటున్నప్పుడు సరదా కాదు. "అంత ఎత్తులో ఒగ్గడియ నిలబడి ఊపిరి తీసుకుంటే ఎంత సుఖంగా ఉంటాదో మే" అని పెండ్లాంతో అనేవాడు. "దిగినంక తీసుకో ఊపిరి, యాడికీ పోదు" అనేది గిడ్డమ్మ.

వరసగా మూడేండ్లు కరువొచ్చి జాతర జరగలేదు. తాగడానికి నీళ్లు లేనిచోట జాతరేమిటి? మూడేండ్లూ బొంగులు చూరులోనే ఉన్నాయి. రెండువేల ఆరో సంవత్సరంలో, కిందటేడు కాసిన్ని వానలు పడ్డ ధైర్యంతో, ఈ వైశాఖంలో జాతర చేద్దామని పెద్దమనుషులు నిర్ణయించారు. కంబన్నకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. సరిగ్గా అప్పుడే, జాతరకు ఇంకా ఇరవై రెండు రోజులుందనగా, కర్నూలు నుంచి కబురొచ్చింది.

కబురు పంపింది మహానంది. కర్నూల్లో బ్యాండుమేళం నడిపేవాడు. ఊరేగింపులకు డప్పులు, కీలుగుర్రాలు, వినాయక చవితికి మోటారుతో చేతులాడించే బొమ్మలు, ఏది కావాలన్నా అమర్చిపెట్టేవాడు. వాడికి జ్ఞానేశ్వర్ ఫోను చేశాడు. ఈ జ్ఞానేశ్వర్ ముప్పై ఏండ్ల శెట్టిగారబ్బాయి. తండ్రి నడిపిన స్టీలు సామాన్ల అంగడి మేడ మీద పన్నెండు కంప్యూటర్లు పెట్టి, ఆటల సెంటరు తెరిచాడు. ఎవరో దూరదేశంవాళ్లు చేసిన యుద్ధాల ఆట ఒకటి కొత్తగా వచ్చింది, ఊళ్లో కాలేజీ పిల్లలు దాని మీద పడి చస్తున్నారు. పోటీ పెడదామనుకున్నాడు. ఆ ఆటలో ఒక రాక్షసయంత్రం ఉంది, మూడు కాళ్ల మీద నడుస్తుంది. అలాంటిది అంగడి ముందర నిలబెడితే జనం విరగబడతారని ఆశపడ్డాడు.

"మహానందీ, నాకు మరకాళ్లు కావల్ల. శానా ఎత్తుగా ఉండల్ల, నడిచినట్టు కనపడల్ల" అన్నాడు ఫోన్లో.

మరబొమ్మలు చేసేవాడు కదా, మోటారుకాళ్లు చేసిస్తాడని అతని ఉద్దేశం. మహానంది చెవికి అది మరగాళ్లని వినబడింది. "మరగాళ్లా సామీ! ఇంగా యాడుండారు ఆ పని చేసేటోళ్లు? ఒగే ఒగడు మిగిలినాడు, పిలిపిస్తా" అన్నాడు. తప్పు ఇద్దరిదీ కాదు. మన తెలుగులో మర అంటే యంత్రమే, మరగాలంటే మానుకాలే. ఆ ఒక్క అక్షరం దగ్గర కంబన్న బతుకు కాలుజారింది.

పాపం కంబన్న ఎంత పొంగిపోయాడో! కూలికి మనుషులు కావాలని పట్నంవాళ్లు పిలవడం మామూలే. నీ మరగాళ్లు కావాలని పిలిచినవాడు ఇంతవరకు లేడు. "కర్నూల్లో అడిగినారంట మే, కర్నూల్లో!" అని రోజంతా చెప్పిందే చెప్పాడు. "దుడ్లెంతిస్తారో అడిగితివా?" అంది గిడ్డమ్మ. అతనికి ఆ ఊసే తట్టలేదు. కట్టేది తానే కాబట్టి ఆమె కూడా బయలుదేరింది. బస్సు మీద బొంగులు కట్టి, మధ్యాహ్నానికి కర్నూల్లో దిగారు.

జ్ఞానేశ్వర్ వాళ్లను చూసి నోరు తెరిచాడు. తరవాత మహానంది మీద విరుచుకుపడ్డాడు. "నేనడిగిందేంది, నువ్వు తెచ్చిందేంది? మోటారుకాళ్లు అడిగితే ఈ ముసలాయన్ను తెస్తావా! ఈయన నా భుజానికి కూడా రాడు కదప్పా!"

కంబన్న తల కాళ్ల మధ్యకు పోయింది. కూలికి పనికిరావని పంపేసినా అంత బాధపడేవాడు కాదు. గిడ్డమ్మ ఊరుకుంటుందా? "రాడా? ఉండు శెట్టీ, చూపిస్తా" అని మొగుణ్ని చెయ్యి పట్టి లాక్కుపోయి, అంగడి ముందర ఆగివున్న లారీ క్యాబిన్ మీదికెక్కించి, అక్కడికక్కడే కట్టు కట్టింది. మూడేండ్ల తరవాత కంబన్న లేచాడు. రెండడుగులు తడబడ్డాయి, మూడో అడుగుకు కాళ్లకు గుర్తొచ్చింది. కరెంటు తీగల కింద తలొంచి, ఆటోలను దాటుకుంటూ, బజారు ఆ కొస నుంచి ఈ కొసకు చకచకా నడిచొచ్చాడు. మేడ మీద ఆటలాడే కాలేజీ పిల్లలు కిటికీల్లో గుంపులుగా చేరి, "ముక్కాలోడు! ముక్కాలోడొచ్చినాడు!" అని ఈలలేశారు. ఆ యంత్రానికి వాళ్లు పెట్టుకున్న పేరది. జ్ఞానేశ్వర్ కోపం ఎగిరిపోయింది. అతను వ్యాపారస్తుడు, ఈల విలువ తెలిసినవాడు.

"కంబన్నా, ముందు నువ్వు ఆ యంత్రాన్ని చూడల్ల" అని పైకి తీసుకుపోయి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

కంబన్న కండ్లార్పకుండా చూశాడు. ఆకాశంలో ఎక్కడో ఉండే దండు భూమ్మీదికి దిగుతుందట. మనుషులు కోటలు కట్టుకుని లోపల దాక్కుంటారట. ఆ కోటగోడలు పగలగొట్టడానికి దండువాళ్లు తెచ్చిన బండే ఈ ముక్కాలోడు. చక్రాలుండవు. తాటిమానంత కాళ్లు మూడు, పైన బోర్లించిన గంగాళంలాంటి ఒళ్లు, దానికి నడిమిట్లో ఎర్రటి కన్ను. ఇండ్లూ వాకిళ్లూ దాటుకుంటూ నిదానంగా వచ్చింది. మనుషులు చీమల్లా పరిగెత్తుతున్నారు. మిగతావాళ్లందరూ ఆ కంటిలోంచి వచ్చే నిప్పును చూస్తారు, కంబన్న కాళ్లను చూశాడు.

"లోపల ఎవురుండారు శెట్టీ?" అని అడిగాడు.

"ఎవురూ లేరప్పా. బొమ్మ."

"అడుగు సరిగ్గానే వేస్తాండాది. బరువు దించి, తూకం చూసుకుని, అప్పుడు రెండోది ఎత్తుతాది. కట్టినోళ్లు తెలిసినోళ్లే."

కోట ముందుకు రాగానే అది ఆగింది. మూడు కాళ్లూ వెడల్పుగా నాటి, కదలకుండా నిలబడి, గోడను కాలుస్తూ ఉండిపోయింది. కంబన్న కుర్చీ అంచుకు జరిగాడు. ఎంతసేపు చూసినా అది అలాగే నిలబడి ఉంది. "నిలబడె!" అన్నాడు. "మూడోకాలుండాది కదా, దానికేం" అన్నాడు జ్ఞానేశ్వర్ తేలిగ్గా. కంబన్నకు అది తేలిక మాట కాదు. పాతికేండ్లుగా తనకు దొరకని సుఖం ఆ అద్దంలో బొమ్మకు దొరికింది. అసూయ పుట్టింది.

మర్నాడు అతనికి వేషం తయారైంది. నడుము చుట్టూ థర్మకోల్ గంగాళం, దాని మీద వెండికాగితం, ముందర ఎర్రబల్బు. వెదురుకాళ్లకూ వెండికాగితం చుట్టారు. వెనకాల మూడోకాలు తగిలించారు. అది ఎవరు చేశారో, దేనితో చేశారో కంబన్న చూడలేదు. పైకెక్కాక వెనకనుంచి బిగించారు. రెండు రోజులు వీధులన్నీ తిరిగాడు. ఏప్రిల్ నెల ఎండలు, అదీ కర్నూల్లో! తారు మెత్తబడి బొంగులు దిగబడుతుంటే, గుక్కెడు నీళ్లు లేకుండా పూటపూటా తిరిగాడు. మూడోకాలు వెనకనే నేలకు రాసుకుంటూ వచ్చేది. పిల్లలు వెంటబడి పరిగెత్తేవాళ్లు. ముసలివాళ్లు గడపల్లోకొచ్చి చూసేవాళ్లు. ఒక్కరూ దండం పెట్టలేదు, అదొక్కటే కొత్తగా ఉండింది.

మూడోరోజు ఆదివారం. కొండారెడ్డి బురుజు ముందర ఆఖరి ఆట. పాతకోట బురుజు ఎదుటికి ముక్కాలోడు రావాలి, సైనికుల వేషాలేసిన కాలేజీ పిల్లలు అట్టతుపాకులతో కాల్చాలి, ఫొటోలు తీసి పేపర్లకివ్వాలి. పొద్దున్నే జ్ఞానేశ్వర్ అసలు మాట బయటపెట్టాడు.

"కంబన్నా, పిల్లోళ్లు కాల్చినంక నువ్వు పడిపోవల్ల. ఆటలో అట్లనే అవుతాది. కింద పరుపులేపిస్తాలే."

"పడను శెట్టీ."

"ఊరికే అప్పా, ఉత్తుత్తి పడడం."

"మాకు ఉత్తుత్తి పడడం లేదు శెట్టీ. మా నాయన సంగతి చెప్తా విను" అన్నాడు కంబన్న. అతని తండ్రి కూడా మరగాళ్లవాడే. ఆదోనిలో ఎవరిదో పెండ్లి ఊరేగింపులో పేడ మీద కాలుజారి పడ్డాడు. ఊరివాళ్లెవరూ చూడలేదు. దాచేస్తే దాగిపోయేది. దాచలేదు. వెంట వచ్చిన తన తల్లితో అక్కడే కట్టు కోయించుకుని, ఊరికొచ్చి పూజారితో చెప్పేశాడు. ఆ తరవాత ఇరవై రెండేండ్లు బతికాడు. ప్రతి జాతరకూ తలుపేసుకుని, చీకటింట్లో గోడకానుకుని, డప్పుల మోత వింటూ కూర్చునేవాడు. "మాట దక్కించుకున్నాడు మా నాయన. నేను పడితే నాకూ అంతే. ఇంగ పద్దెనిమిది దినాలకు జాతర ఉండాది. నీకు దండం పెడతా, ఆ మాటొద్దు."

జ్ఞానేశ్వర్ చెడ్డవాడు కాడు, ఆ మాట చెప్పుకోవాలి. పెద్దాయన కండ్లలో భయం చూసి వెనక్కి తగ్గాడు. "సరేలే, పడొద్దు. ఫొటోకు నడుచుకుంటా వచ్చిపో చాలు" అన్నాడు. గిడ్డమ్మ ఇదంతా విని, ఆ రోజు కట్టు రెండు చుట్లు ఎక్కువే వేసింది.

బురుజు ముందర జనం కిటకిటలాడారు. అట్టతుపాకుల పిల్లలు అరుస్తూ కాల్చారు. కంబన్న అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. ఎండ నడినెత్తికొచ్చింది. థర్మకోల్ లోపల ఒళ్లంతా ఉడికిపోతోంది, నాలుక పిడచకట్టింది, ఎడమమోకాలు వణకడం మొదలుపెట్టింది. ఫొటోగ్రాఫరు కిందినుంచి కేకేశాడు. "ఓ పెద్దాయనా, ఒగ్గడియ కదలద్దు! కదిలితే ఫొటో చెడిపోతాది!"

నిలబడ్డం కుదరదని అరిచాడు, కింది గోలలో ఎవరికీ వినబడలేదు. అప్పుడు అతనికి వెనకాల మూడోకాలు తగిలింది. కంప్యూటర్లో ఆ యంత్రం కాళ్లు నాటి నిలబడిన తీరు కండ్లకు కట్టింది. ఆలోచించాడని అనలేం. అలిసిపోయిన మనిషి గోడ కనబడితే ఆనుకోవడానికి ఆలోచిస్తాడా? రెండు కాళ్లూ వెడంగా పెట్టి, మెల్లగా వెనక్కి వాలి, బరువు మూడోకాలి మీద మోపాడు.

నిలబడ్డాడు. నిజంగానే నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు క్షణాలు. కింద జనం తలలు, ఎదురుగా బురుజు, దాని మీద పావురాలు, అన్నీ కదలకుండా కనబడ్డాయి. ఆ ఎత్తునుంచి ప్రపంచం కదలకుండా ఉండడం పాతికేండ్లలో అదే మొదటిసారి చూడడం. గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు.

మూడోకాలు నీళ్ల ప్లాస్టిక్ గొట్టం. వెండికాగితం కింద అదే ఉంది. అది మెడ విరిచిన కోడిలా మెత్తగా వంగిపోయింది. కంబన్న వెల్లకిలా వెనక్కి పడ్డాడు.

థర్మకోల్ ముక్కలై ఎగిరింది. ఎర్రబల్బు టప్పున పేలింది. ఆ వెంటనే బురుజు దద్దరిల్లేలా చప్పట్లు, ఈలలు, కేకలు. "ముక్కాలోడు పడె! ముక్కాలోడు చచ్చె!" అట్టతుపాకుల పిల్లలు అతని చుట్టూ చిందులేశారు. థర్మకోల్ గంగాళం కాచుకుంది కాబట్టి కంబన్నకు మోచెయ్యి మాత్రమే గీరుకుపోయింది, అంతకుమించి దెబ్బలేదు. ఆకాశం వైపు చూస్తూ, ఇంత సంతోషం దేనికో అర్థంకాక పడుకునే ఉన్నాడు. జ్ఞానేశ్వర్ పరిగెత్తుకొచ్చి అతన్ని కావలించుకున్నాడు.

"పడనంటివి కదప్పా! ఎంత బాగా పడితివి! ఇంత బాగా ఎవురూ పడలేరు!"

గిడ్డమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని కాళ్ల దగ్గర కూలబడింది. నడుముకు కత్తి ఉంది. ఆమె చెయ్యి కత్తి దాకా పోయి ఆగింది. తరవాత ముడి మీద చెయ్యేసి, ఎప్పటిలాగే, ఒక్కొక్క చుట్టే విప్పడం మొదలుపెట్టింది.

"కోయల్ల కదా మే" అన్నాడు కంబన్న.

"నోరు మూసుకో" అంది గిడ్డమ్మ.

ఊరి బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆదోని దాటాక కంబన్నే మాట మొదలుపెట్టాడు. "ఎందుకు ఇప్పితివి?"

"ఎవురు చూసినారు?"

"నువ్వు చూస్తివి."

"నాకేం కనపడలే. కండ్లకు అడ్డం ఎండికాగితం పడె."

"నేను పడితిని మే!"

"పడింది నువ్వు కాదు. ముక్కాలోడు పడినాడు. నేను చెప్పే మాట కాదిది, కర్నూలంతా అదే అనె. శెట్టి అనె, పిల్లోళ్లు అనిరి. నిన్ను పడినావని ఒగరైనా అనిరా?" ఏడుపును కోపంలోకి మార్చుకోవడం గిడ్డమ్మకు అలవాటు. "మీ నాయనకు తలుపు సందుల్లో నుంచి కూడు పెట్టింది నేను. ఆ ఇరవై రెండేండ్లలో పద్దెనిమిదేండ్లు నేనే పెట్టినా. నువ్వు గూడ అట్ల గోడకానుకొని కూచుంటే నాతో కాదు. పిల్లల్లేరు, పంటల్లేవు. నీకున్నది ఆ ఒగ్గ దినం. దాన్ని కోసెయ్యమంటావా నన్ను?"

కంబన్న కాదనాల్సింది. అనలేకపోయాడు. ఆ రోజు పోతే తనకు మిగిలేదేమిటో అతనికీ తెలుసు. పద్దెనిమిది రోజులూ అన్నం సయించలేదు. రెండుసార్లు పూజారి ఇంటిదాకా పోయి, చెప్పలేక, వేరే ఏదో అడిగి వెనక్కొచ్చాడు.

జాతర వచ్చింది. మూడేండ్ల కరువు తీరా జనం వచ్చారు. మిద్దెల మీద ఇసకేస్తే రాలనంతమంది ఆడవాళ్లు. గిడ్డమ్మ రోలెక్కి కట్టు కట్టింది. పూజారి వేపమండ పట్టుకుని ఎదుట నిలబడ్డాడు.

"కట్టినమ్మా, ఈ కాళ్లు యాడన్నా పడినాయా?"

కంబన్న కండ్లు మూసుకున్నాడు. ఆమె నిజం చెబితే బాగుండునని ఒక పక్క, చెప్పకపోతే బాగుండునని ఒక పక్క.

"పడలేదు సామీ!" అంది గిడ్డమ్మ. ఏ ఏడూ అంత గట్టిగా చెప్పలేదు.

డప్పు మోగింది. కంబన్న లేచాడు. అమ్మ పడదోస్తుంది, అందులో సందేహం లేదు. పడేటప్పుడు కింద పిల్లలెవరూ లేకుండా చూసుకోవాలని వీధి మధ్యకు జరిగి నడిచాడు. మొదటి మలుపు వచ్చింది, ఇక్కడే అనుకున్నాడు. మలుపు దాటాడు. బావి దగ్గర బండరాళ్లున్నాయి, ఇక్కడే అనుకున్నాడు. దాటాడు. మిద్దెల మీదినుంచి చేతులు చాపి కుంకం పెడుతున్నారు, పిల్లల్ని అందిస్తున్నారు. వాళ్లను ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు, అయినా ముట్టాడు. కాళ్లు మాత్రం హాయిగా పడుతున్నాయి. తూకం తప్పలేదు, మోకాలు వణకలేదు. కుర్రతనంలో కూడా అంత బాగా నడవలేదు. "ఈ ఏడు కంబన్న మీద అమ్మ నిజంగా వచ్చింది" అని ముసలివాళ్లు చెప్పుకోవడం అతనికి పైనుంచి వినబడింది.

మూడు చుట్లు తిరిగి గుడి ముందుకొచ్చాడు. ఇక గుడి ప్రహరీ గడపే మిగిలింది. అబద్ధమాడినవాణ్ని అమ్మ పడదోసేది అక్కడే. కంబన్న గడప ముందర చిందెయ్యలేదు, జంకలేదు. మెల్లగా, ఒక్కొక్క అడుగే, పడదొయ్యడానికి వీలు ఇస్తున్నట్టుగా వేశాడు. మనసులో, "తోయి తల్లీ, తోసెయ్యి" అని వేడుకున్నాడు. గుడిలో దీపం ఎప్పటిలాగే వెలుగుతోంది. పసుపు రాసిన రాయి ఎప్పటిలాగే ఉంది. గడప వచ్చింది, దాటిపోయింది.

తండ్రి ఇరవై రెండేండ్లు చీకటింట్లో ఎవరికి భయపడి కూర్చున్నాడు? ఆ ప్రశ్న అతని లోపల పుట్టింది, జవాబు కూడా దాని వెంటే వచ్చింది. ఆ గడపలో తోసేవాళ్లు ఎవరూ లేరు.

సరిగ్గా అప్పుడే పడమటి నుంచి మబ్బు కమ్మి, టపటపమని పెద్దపెద్ద చినుకులు రాలాయి. జనం వెర్రెత్తిపోయారు. "అమ్మ మెచ్చింది! వానొచ్చె, వానొచ్చె!" అంటూ ఆడామగా తడుస్తూ ఎగిరారు. కంబన్నను గుడి మిద్దె మీద కూర్చోబెట్టారు. గిడ్డమ్మ నిచ్చెనెక్కి కట్టు విప్పుతూ, ఎవరికీ వినబడకుండా, నవ్వుముఖంతో అతని వైపు వంగింది.

"చూస్తివా? ఊరికే బెదిరితివి. ఏమన్నా అయిందా?"

"ఏమీ కాలేదు మే" అన్నాడు కంబన్న.

అని, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. వానలో తడుస్తూ పూజారి మిద్దె పక్కకొచ్చి చూశాడు. భక్తితో ఏడుస్తున్నాడనుకుని, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, మిద్దెక్కి అతని నొసట ఇంకో బొట్టు పెట్టాడు.